ఒక రీలు, పన్నెండు బొమ్మలు

ఇలా దగ్గరకు జరగండి. పుష్యమాసం చలి ఇది, ఊరికే పోదు. ఆ కొబ్బరిమట్ట కాస్త మంటలోకి తొయ్యరా నాయనా. ఇందాక చిన్నపాప అడిగింది కదా, "తాతయ్యా, మీ చిన్నప్పుడు ఫోటోలు ఎవరు తీసేవారు?" అని. మేమే తీసేవాళ్లమమ్మా. మేమంటే ఆమదాలవలస పక్క పల్లెలో హైస్కూలు చదివే గుంటలం. మా చేతికి కెమెరా ఇచ్చి, పక్కనే పెన్సిలూ పెట్టిన మనిషి ముచ్చట చెబుతాను. మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మీలో ఇద్దరు ముగ్గురు నోటుపుస్తకం వెనక పేజీల్లో ఏవో రాసుకుంటున్నారని కూడా నాకు తెలుసు. అందుకే ఈ ముచ్చట మీకు చెప్పాలనుంది.

ఆయన మా డ్రాయింగు మాస్టారు. 1960ల చివరి మాట. ఖద్దరు చొక్కా, పాత సైకిలు, హ్యాండిలుకి వేలాడుతూ ఒక గుడ్డసంచి. ఆ సంచిలో అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. బరోడాలో తయారయ్యేది ఆ కెమెరా. మామూలు జీతగాడు కూడా కొనుక్కోగలిగిన కెమెరా అది. 120 సైజు రీలు వేస్తే పన్నెండు చదరపు బొమ్మలొచ్చేవి. వెనకాల చిన్న ఎర్ర కిటికీ ఒకటి. మీట తిప్పుతుంటే అందులోంచి అంకెలు ఒక్కొక్కటే జరిగి వచ్చేవి. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే. మిగతాదంతా తీసేవాడి కన్నే చూసుకోవాలి.

ఆదివారం పొద్దున్నే మాస్టారి వెంట బయల్దేరేవాళ్లం. ఆరుగురికి ఒక రీలు. అంటే మనిషికి రెండు బొమ్మలు. రీలు కొనడం, కడిగించడం, కాగితం మీద వేయించడం అంతా ఆయన జీతం డబ్బే. ఊటీ ఫ్యాక్టరీ నుంచి ఇందు రీళ్లు బజారులోకి వచ్చాక ఆయనకు కాస్త ఊపిరాడింది. రెండే బొమ్మలు కదా, తొందరపడి నొక్కడానికి ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు. నొక్కేముందు నోటుపుస్తకంలో మూడు ముక్కలు రాయాలని ఆయన పెట్టిన కట్టుబాటు. ఏం తీస్తున్నావు, ఎక్కడ నిలబడ్డావు, అదే ఎందుకు తియ్యాలనిపించింది. మొదటి రెండూ రాసేసేవాళ్లం. మూడోదాని దగ్గర పెన్సిలు ఆగిపోయేది. ఆగిపోతే ఆయన ఏమీ అనేవారు కాదు, చెట్టు కింద కూర్చుని ఆగేవారు. అంత ఓపిక ఉన్న పెద్దమనిషిని అప్పటికి నేనెక్కడా చూడలేదు.

మనిషి బొమ్మ తీస్తే మరో కట్టుబాటు. ముందు పలకరించాలి, పేరు అడగాలి, తీయమంటారా అని అడగాలి. వద్దంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి. బొమ్మ వచ్చాక మొదటి కాపీ ఆ మనిషిదే. మనం దాచుకునేది రెండోది. ఎంత దూరమైనా సైకిలేసుకుని వెళ్లి చేతికిచ్చి రావాలి. ఇప్పుడు సంతలో ముసలమ్మ ముఖం మీదకు ఫోను పెట్టి, మాటైనా చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఆ ముఖం ఆవిడది కదా.

పొందూరు సంగతి చెబుతాను. మీకందరికీ తెలిసిన ఊరే, గాంధీగారు మెచ్చుకున్న ఖద్దరు. కానీ అక్కడ పత్తి ఎలా బాగుచేస్తారో మీలో ఎవరైనా చూశారా? గింజ తీయకముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు సన్నటి పళ్లు దట్టంగా ఉంటాయి. ఇనప దువ్వెనతో రాని నున్నదనం దాంతో వస్తుంది. చెత్తా నలుసూ పోయి పోగులన్నీ ఒకవైపుకి వాలతాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం. మేం వెళ్లిన ఇంట్లో ఒక ముసలావిడ అరుగు మీద ఎండలో కూర్చుని దువ్వుతోంది. నా వంతు బొమ్మ అది. ఆ కెమెరాతో బాగా దగ్గరకెళ్తే మసకైపోతుంది. అందుకని వెనక్కి జరిగి, అరుగూ స్తంభమూ ఆవిడా అంతా వచ్చేటట్టు తీశాను.

తర్వాతి వారం కాపీ పట్టుకెళ్లి ఇచ్చాను. ఆవిడ ఎండలోకి తిప్పి చూసింది, దగ్గర పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది.

"ఓలమ్మా, నా సెయ్యేదిరా బాబూ? ఈ మొకం ఎవులికి కావాల?" అంది.

నిజమే. ముఖముంది, తెల్లచీర ఉంది, స్తంభం నీడ కూడా ముచ్చటగా పడింది. చేతిలో ఎముక మాత్రం చుక్కంత. ఆవిడ పనితనమంతా ఆ చేతిలోనే ఉంది కదా. ఏం చెయ్యాలో తెలియక మాస్టారి ముఖం చూశాను. ఆయన ఆవిడకు దణ్ణం పెట్టి నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "కెమెరా అంత దగ్గరకు వెళ్లదు. నువ్వు వెళ్లు. చూసి రాసుకురా."

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఎడమచేత్తో పత్తి ముద్ద పట్టుకునే తీరు, కుడిచెయ్యి మణికట్టు దగ్గర మాత్రమే కదలడం, బొటనవేలి గోరు ఒక పక్క అరిగి నున్నగా ఉండడం, కనురెప్పల మీద పత్తినూగు. నలుసు దొరికినప్పుడు ఆవిడ దాన్ని చూడదు, వేలికే తెలుస్తుంది, తీసి పక్కన పెడుతుంది. ఇంటికొచ్చి రెండు పేజీలు రాశాను. "చాలా అందంగా దువ్వుతోంది" అని కూడా రాశాను. మాస్టారు ఎర్రసిరా వాడే మనిషి కాదు. పెన్సిలుతో ఆ "అందంగా" కింద సన్నటి గీత గీసి, పక్కన రాశారు: "ఏం చూశావు?" గోరు అరిగిందన్న వాక్యం దగ్గర మాత్రం చిన్న టిక్కు. తప్పొప్పుల పట్టీ లేదు, మార్కులూ లేవు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికి పేజీ మొత్తం మళ్లీ రాశాను. ఆ కాగితాలు ఆవిడకు చదివి వినిపించమని కూడా ఆయనే పంపించారు. విని, "ఇదీ, ఇది నా సెయ్యి" అంది. నా రాతకు వచ్చిన మొదటి మెప్పు అది.

ఆ తర్వాత మా ఆదివారాలు తీరు మారాయి. ఫోటోలో ఉన్నదే రాయకూడదు, రాసేసినదాన్ని ఫోటో తీయకూడదు అని మాస్టారు కొత్త కట్టుబాటు పెట్టారు. సంతలో గొడ్ల బేరగాళ్లు తుండుగుడ్డ కింద చేతులు పట్టుకుని వేళ్లతో బేరమాడుకుంటారు కదా. ఫోటోలో తుండుగుడ్డ పడుతుంది, బేరం పడదు. దాన్ని రాయాలి. కళింగపట్నం లైట్‌హౌసు దగ్గర పొద్దున్న వలలు ఎండేస్తే ఇసక మీద పడే గళ్లనీడ రాయబోతే నాలుగు పేజీలైనా కుదరదు. దాన్ని ఫోటో తీసెయ్యాలి. ఏది దేనికి అప్పగించాలో తేల్చుకోవడమే మాకు చదువైపోయింది.

ఆమదాలవలసలో ఒక స్టూడియో ఉండేది. దాని యజమానికి మాస్టారంటే గౌరవం. రాత్రి కొట్టు కట్టేశాక మమ్మల్ని ఇద్దరిద్దరిని చీకటిగదిలోకి రానిచ్చేవాడు. ఎర్రబల్బు, మూడు పళ్లేల్లో బొమ్మలు కడిగే మందునీళ్లు, హైపో వాసన. తెల్లకాగితం మొదటి పళ్లెంలో పడేసి ఒక పక్క ఎత్తుతూ దించుతూ ఉంటే, ముందు నల్లటివి వస్తాయి. జుట్టు, నీడలు, కనుపాపలు. బుగ్గలూ తెల్లచీరలూ ఆఖర్న వస్తాయి. తొందరపడి ముందే తీసేస్తే వెలవెలబోతుంది, ఉంచేస్తే మసిబారుతుంది. ఎప్పుడు తియ్యాలో ఆయన చెప్పేవాడు కాదు, "నువ్వే చెప్పు" అనేవాడు. కాగితం ఖరీదు ఆయనదే. అయినా పాడవనిచ్చేవాడు. పిల్లలకు పని నేర్పాలనుకున్నవాడు కొంత సరుకు వదులుకోవాలి మరి.

నెలనెలా చందమామ వస్తే కథలకంటే ముందు వెనక పేజీలకు పోయేవాళ్లం. ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు వేసేవారు. ఒక్కోదానికి చిన్న వ్యాఖ్య రాయాలి, ఆ రెండూ ఒకదానికొకటి అతకాలి. కార్డు మీద రాసి మద్రాసు పంపాలి. మీరిప్పుడు ఫోటో కింద రాసుకునే నాలుగు మాటలకు పెద్దన్న అన్నమాట. మాస్టారు దాన్నే పాఠం చేసేశారు. మా ఫోటోల్లోంచి పొంతన లేనివి రెండు తీసి బల్లమీద పెట్టేవారు. బడి గంటా, కల్లుకుండా. వాటిని కలిపే మాట వెతకండి అనేవారు. మాట దొరికేదాకా ఇంటికి పోబుద్ధి అయ్యేది కాదు.

ఆయన స్వయంగా 'బాల' చదివి పెరిగిన మనిషి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు 1945లో మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల పత్రిక అది. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ అందులోనే అచ్చయింది. అప్పటికి ఆయన ఇంకా కుర్రాడే. బాపు కుర్రతనపు బొమ్మలూ అందులోనే వచ్చాయి. వాళ్లు ఎంతవాళ్లవుతారో ఆ రోజున ఎవరికి తెలుసు? పిల్లవాడు పంపిన కాగితాన్ని పెద్దవాళ్లు శ్రద్ధగా విప్పి చదివారు, అంతే.

అలాంటి పెద్దవాళ్లు మన దగ్గరా ఉండేవారు. మన శ్రీకాకుళంలో కథానిలయం లోపలికి మీలో ఎంతమంది వెళ్లారు? వెళ్లండి. మన మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు గారు కట్టిన ఇల్లు అది. కారా మాస్టారంటే అందరికీ తెలుస్తుంది. విశాఖలో సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో పంతులుగారు. 'యజ్ఞం' కథ రాసిన పేరు ఒక్కటి చాలు ఏ రచయితకైనా. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వస్తే, ఆ డబ్బు కూడా ఇందులోనే పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. పెద్ద పేరున్నవాళ్ల కథలూ, ఒక్క కథ రాసి ఆగిపోయినవాళ్ల కథలూ అక్కడ ఒకే కప్పు కింద ఉంటాయి. కొత్తగా రాసేవాళ్ల కోసం 'కథాకథనం' అని పాఠాలు కూడా రాసి పెట్టారు. 2021లో పోయేనాటికి ఆయనకు 96 ఏళ్లు. ఫోటో వైపు చూస్తే, కోరుట్ల నుంచి వెళ్లిన బండి రాజన్ బాబు గారు హైదరాబాదులో కుర్రాళ్లను కూర్చోబెట్టి కెమెరా నేర్పారు. ఇలాంటివాళ్లు మనకు తక్కువేం కాదు. ఊరికొకరుండాలి, అదీ నా ఆశ.

నేను పోస్టలు ఉద్యోగం చేసుకుని రిటైరయ్యాక మా డ్రాయింగు మాస్టారి పద్ధతే పిల్లలతో మొదలుపెట్టాను. కిందటేడు పలాస నుంచి వచ్చిన ఒక పిల్ల వాళ్లమ్మ చేతుల ఫోటో తెచ్చింది. జీడిపిక్కలు కొట్టే చేతులు. ఫోను కదా, ఎంత దగ్గరకైనా వెళ్తుంది. జీడి అంటి నల్లబడిన గీతలన్నీ వెంట్రుకవాసి కూడా పోకుండా వచ్చాయి. చాలా మంచి ఫోటో. ఇంకేం రాయాలి తాతగారూ, అంతా కనబడుతోంది కదా అంది. "ఆ చేత్తో మీ అమ్మ ఏమేం చెయ్యదు?" అని అడిగాను. వారం తర్వాత అరపేజీ తెచ్చింది. జీడి పోయేదాకా అమ్మ తమ్ముడి బుగ్గ ముట్టుకోదట. పని ఉన్న రోజుల్లో అన్నం చెంచాతోనే తింటుందట. ఆ అరపేజీ చదివాక ఆ ఫోటోని మళ్లీ చూశాను, అప్పుడు అది వేరే ఫోటో.

పోటీలకు తల్లిదండ్రులు రాసిచ్చిన వ్యాసాలూ, ఒక్క పూట శిబిరం పెట్టి పంచే సర్టిఫికెట్లూ పిల్లలకు ఏమీ నేర్పవు. ఇది నా గట్టి మాట. వాళ్లకు కావలసింది వారం వారం కనబడే ఒక మనిషి. "బాగుంది" అని చేతులు దులుపుకోకుండా, చదివి ఒక్క ప్రశ్న అడిగేవాడు.

అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లూ, ఇది మీకే. మీ వీధిలో రాసుకునే పిల్ల ఒకత్తి ఉంటుంది, ఫోను పట్టుకుని గోడల వెంట తిరిగే కుర్రాడొకడుంటాడు. ఆదివారం ఒక గంట వాళ్లకివ్వండి. అక్షరదోషాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు మొత్తం చదవండి. మీరు రచయితలు కానక్కర్లేదు, మా మాస్టారూ కాదు.

మీరు, పిల్లలూ, రేపు పొద్దున్న నోటుపుస్తకాలతో రండి. ఫోన్లో ఎంత చోటున్నా సరే, పన్నెండుకు మించి తీయొద్దు. ఎవరిని తీస్తే వాళ్లకు ఇవ్వడానికి కాపీలు వేయించే పూచీ నాది.