గోధుమ పడని వారి కేకు

పిడికెడు గోధుమపిండిని నీళ్ళతో ముద్దగా కలిపి, అరగంటసేపు నాననిచ్చి, పలుచని గుడ్డలో మూటకట్టి నీటిలో పిసికినచో తెల్లని నీరు దిగును. ఆ తెలుపు పిండిపదార్థము. నీరు తేటపడువరకు పిసుకగా గుడ్డలో మిగులునది రబ్బరువలె సాగెడి జిగట ముద్ద. దీనినే గ్లూటెన్ అందురు. ఇటలీలోని బొలోన్యా నగరమున బెక్కారి అనెడి పండితుడు 1728లో ఈ పద్ధతిని విద్వత్సభలో వివరించెను. అది 1745లో అచ్చుపడెను. జంతుపదార్థములవంటి పదార్థమొకటి ధాన్యపు గింజలో కూడ ఉన్నదని తెలియుట ఆనాటివారికి గొప్ప వింత.

రొట్టె పొంగుటకును, పఫ్ పొరలు పొరలుగా విడుటకును ఈ జిగట ముద్దయే ఆధారము. ఈస్టు విడిచెడి బొగ్గుపులుసు వాయువు దీని వలలో బుడగలుగా చిక్కుకొనును. పొయ్యి వేడికి బుడగలు పెద్దవై, వల సాగి, అట్లే గట్టిపడును. కేకులో దీని పని కొంత తక్కువ. అక్కడ గ్రుడ్డు సాయపడును.

ఈ గ్లూటెనే కొందరి చిన్నప్రేవులకు పడదు. ఆ వ్యాధిని సీలియాక్ వ్యాధి అందురు. ప్రపంచమున సుమారు నూటికి ఒకరికి ఇది ఉన్నదని నేటి అంచనా. గోధుమ, బార్లీ, రై ధాన్యములను జీవితాంతము మానుటయే దీనికి చికిత్స. చెప్పుటకు ఇది సులభము. కాని పుట్టినరోజు పండుగలో తోటిపిల్లలందరి చేతులలోను కేకు ఉండగా తన చేతిలో మాత్రము లేని ఐదేండ్ల పిల్లవాని సంగతి వేరు. ఆ కోరికను జిహ్వచాపల్యమని కొట్టివేయరాదు. ఈ వ్యాధి చరిత్రలో పథ్యము చాలచోట్ల నాలుక యొద్దనే ఓడిపోయినది.

లండను నగరపు వైద్యుడు శామ్యూల్ గీ 1887లో పిల్లల ఆసుపత్రిలో ఒక ఉపన్యాసమిచ్చి, మరుసటి యేడు దానిని ప్రకటించెను. పొట్ట ఉబ్బి, కాళ్ళుచేతులు చిక్కి, పాలిపోయిన మలముతో నీరసించు పిల్లలను ఆయన కన్నులకు కట్టినట్లు వర్ణించెను. ఈ రోగము కుదిరినచో ఆహారము వలననే కుదురవలెనని కూడ తేల్చి చెప్పెను. ఇంతవరకు ఆయన ఊహ సరియైనదే. కాని వరి, సగ్గుబియ్యము పనికిరావని త్రోసివేసి, పలుచగా కోసి రెండుప్రక్కల కాల్చిన రొట్టెను మాత్రము అనుమతించెను! పడని వస్తువు పళ్ళెములో నిలిచెను, పడెడి వస్తువు తొలగిపోయెను. ఆయన చికిత్స చేసిన ఒక బిడ్డకు దినదినము హాలెండు ఆల్చిప్పల మాంసము పెట్టగా చక్కగా కోలుకొన్నది. ఆల్చిప్పల కాలము గడచినంతనే రోగము తిరుగబెట్టినది. మరుసటి ఋతువున ఎంత బ్రతిమాలినను ఆ బిడ్డ వానిని ముట్టలేదు. రుచి లేని పథ్యము ఎంతకాలము సాగునో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యమును ప్రకటించెను. రొట్టెను, తక్కిన ధాన్యములను, బంగాళదుంపలను మాన్పి అరటిపండ్లు పెట్టగా పిల్లలు బ్రతికిరి. అరటిపండులోనే ఏదో మహిమ ఉన్నదని చాలమంది నమ్మిరి. నిజమునకు మేలు చేసినది పెట్టిన పండు కాదు, మాన్పిన రొట్టె. ఈ పొరపాటునకు వెల లేకపోలేదు. రోగము నయమైనదనుకొని తిరిగి రొట్టెకు, కేకులకు మరలిన వారిలో కొందరికి ఏండ్లు గడచిన పిదప వ్యాధి మరల బయటపడెను.

అసలు దోషిని పట్టినవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. ఈయన 1905లో జన్మించి, హేగ్ నగరమునందలి జూలియానా పిల్లల ఆసుపత్రికి 1936లో అధికారి అయ్యెను. రొట్టె మాన్పినంతనే తన బిడ్డ ఒంటిమీది దద్దురు తగ్గినదని ఒక తల్లి చెప్పిన మాట ఆయన మనస్సులో నాటుకొన్నది. 1941లోనే ధాన్యము లేని పథ్యమును గూర్చి వ్యాసము వ్రాసెను.

అంతలో యుద్ధకాలపు కరవు వచ్చెను. 1944 శరత్కాలమున రైల్వే కార్మికులు సమ్మెకట్టగా, దేశమునాక్రమించిన జర్మనులు పడమటి పట్టణములకు ఆహారము అడ్డగించిరి. ఆ చలికాలమున జనులు బీట్‌దుంపలను, తులిప్ పూల దుంపలను ఉడికించి తినిరి. వేలమంది మరణించిరి. దేశమంతయు చిక్కి శల్యమగుచుండగా డికె చూచుచున్న సీలియాక్ పిల్లలకు మాత్రము రొట్టె లేకపోవుట మేలయ్యెను. తిరిగి గోధుమ రాగానే వారి రోగమును తిరిగి వచ్చెను. స్వీడన్ విమానములు రొట్టెలు జారవిడువగా ఈ సంగతి బయటపడినదని ఒక కథ నేటికిని ప్రచారములో ఉన్నది. స్వీడన్ పిండి వచ్చినది ఓడలలో. 1945 ఏప్రిల్ చివర ఆహారమును జారవిడిచినవి బ్రిటిషు విమానములు. అమెరికా విమానములు మేనెలలో తోడయ్యెను. కరవు డికె అనుమానమును బలపరచినదే గాని పుట్టించలేదు.

అనుమానము వేరు, ఋజువు వేరు. డికె కొద్దిమంది పిల్లలకు నెలల తరబడి గోధుమను ఒకప్పుడు పెట్టి, ఒకప్పుడు మాన్పి, వారి బరువును పెరుగుదలను గీతలుగా గీసెను. 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములో ఆ గీతలున్నవి. గోధుమ పెట్టినప్పుడు గీత క్రుంగును, తీసివేయగానే లేచును. రసాయనజ్ఞుడు వాన్ దె కామర్, వైద్యుడు వైయర్స్ ఆయనతో కలిసి మలములోని క్రొవ్వును కొలిచి ఆ సంగతినే అంకెలలో చూపిరి. 1952లో బర్మింగ్‌హాములో షార్లెట్ ఆండర్సన్, ఆమె సహచరులు బెక్కారివలెనే పిండిని కడిగి రెండుగా విడదీసిరి. పిండిపదార్థము హాని చేయలేదు, గ్లూటెన్ చేసినది. చిన్నప్రేవు లోపలి గోడమీది వేలికొసలవంటి చూషకములు ఈ రోగులలో చదునైపోవుననియు, అందుచేతనే ఆహారము ఒంటబట్టదనియు తరువాతి సంవత్సరములలో తెలియవచ్చెను. గ్లూటెన్ శకలముల వలన రెచ్చిన శరీర రక్షణశక్తి తన ప్రేవునే గాయపరచుచున్నది. 1997లో జర్మనీ పరిశోధకులు ఆ శక్తి గురిపెట్టెడి ఎంజైమును గుర్తించినందున రక్తపరీక్ష మరింత నమ్మదగినదైనది. డికె దానిని చూడలేదు. ఆయన 1962లోనే మరణించెను.

కారణము తెలిసినది, కేకు మాట మిగిలినది. బియ్యపుపిండితో రొట్టె చేసినచో బుడగలను పట్టెడి వల లేక వాయువు తప్పించుకొనును, రొట్టె ఇటుకవలె గట్టిపడును లేదా పొడిపొడిగా రాలును. గ్లూటెన్ కడిగివేసిన గోధుమపిండితో మొదట కొన్నాళ్ళు పని గడపిరి. ఇంతలో అమెరికాలోని పియోరియా పట్టణపు ప్రభుత్వ పరిశోధనాలయములో అలీన్ జీన్స్, ఆమె సహచరులు వేరొక పనిమీద వెదకుచు, కాబేజీ ఆకును నల్లబరచి కుళ్ళించెడి బాక్టీరియా చక్కెరనుండి ఒక బంకను తయారుచేయునని కనుగొనిరి. అదే జాంతన్ బంక. ఆహారములో దాని వాడుకకు 1969లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. బియ్యపుపిండి ముద్దలో చిటికెడు వేసినచో అది బుడగలను కొంతవరకు పట్టి ఉంచును. మన ఇసబ్గోల్ పొట్టు కూడ ఆ పనియే చేయును. కాబేజీ తెగులు పిల్లవాని పుట్టినరోజు కేకును నిలబెట్టునని ఎవరనుకొందురు!

బ్రిటనులో ఈ రోగుల సంఘము 1968లో ఏర్పడినది. స్థాపకులలో పీటర్ బెనెన్సన్ ఒకడు. 1961లో ఆమ్నెస్టీ సంస్థను నెలకొల్పిన న్యాయవాది ఆయనే. ఆయనకు కూడ ఈ వ్యాధి ఉండెను. అంగడిలో ఏ తినుబండారము కొనవచ్చునో తెలిపెడి జాబితాలను ఆ సంఘము అచ్చువేసెను. నేడు అంతర్జాతీయ ఆహార ప్రమాణము ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించని గ్లూటెన్ ఉన్న వస్తువుమీదనే గ్లూటెన్ లేదని వ్రాయవచ్చును.

మన దేశమున 2016లో ప్రకటింపబడిన పరిశీలనలో ఉత్తరాదిన వెయ్యికి పండ్రెండుగురికి, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి ఈ వ్యాధిని సూచించెడి ప్రతిరక్షకములు కనబడెను. జన్యువులలో పెద్ద భేదము లేదు. భేదము తినెడి గోధుమలోనే ఉన్నది. తెలుగువారి అరిసెలు, సున్నుండలు, పూతరేకులు గోధుమ ఎరుగనివి. కాజాలు, మైదాతో చేసిన బొబ్బట్లు మాత్రము ఈ రోగులకు నిషిద్ధములు. కనబడని గోధుమ కూడ కొంత గలదు. డబ్బాలలో అమ్మెడి కలిపిన ఇంగువలో తరచు గోధుమపిండి చేర్చుదురు. కావున ఈ వ్యాధి గలవాడు పూతరేకును నిశ్చింతగా తినవచ్చును గాని, పులిహోర తినుటకు ముందు ఇంగువ డబ్బామీది చీటీ చదువవలసియుండును.