వర్చువల్ ప్రోటోటైపింగ్

వస్తువును తయారు చేయకముందే దాని త్రిమితీయ రూపాన్ని కంప్యూటర్‌లో నిర్మించి, అమరికను, బలాన్ని, పనితీరును పరీక్షించే ఇంజినీరింగ్ పద్ధతి. కార్లు, విమానాలు, యంత్రాల రూపకల్పనలో దీన్ని విరివిగా వాడతారు.

ఈ పద్ధతి సత్తా చాటిన విమానం అమెరికాకు చెందిన బోయింగ్ 777. అంతకుముందు కాగితంపై డ్రాయింగులు గీసి, పూర్తి పరిమాణంలో నమూనాలు కట్టి, గొట్టాలూ తీగలూ ఎక్కడ అడ్డుపడుతున్నాయో చూసేవారు. 777 భాగాలను మాత్రం ఫ్రాన్స్ సంస్థ దసో సిస్టమ్స్ రూపొందించిన కాటియా సాఫ్ట్‌వేర్‌తో తెరపైనే కూర్చారు. ఒక గొట్టం మరో భాగంలోకి చొచ్చుకుపోతే, లోహం కోయకముందే ఆ తప్పు దొరికేది. తెరపై మనిషి బొమ్మను నిలిపి, మెకానిక్ చెయ్యి ఆ చోటికి అందుతుందో లేదో కూడా చూశారు. ముక్కు భాగానికి కట్టిన నిజమైన నమూనా తెరపై లెక్కలతో చక్కగా సరిపోవడంతో, మిగతా నమూనాల ఆలోచన మానుకున్నారు. విమానం 1994 జూన్ 12న తొలిసారి ఎగిరింది.

అయినా నిజ పరీక్ష తప్పదు. 1995 జనవరిలో రెక్కలను విరిగేదాకా పైకి వంచారు. ప్రయాణంలో ఎదురవగల గరిష్ఠ భారానికి 1.5 రెట్లు తట్టుకోవాలన్నది నియమం, అవి 1.54 రెట్ల వద్ద విరిగాయి. ప్రయాణికుల ప్రాణాలకు భరోసా దొరికేది తెరపై లెక్క, నేలపై పరీక్ష రెండూ కలిసినప్పుడే.