ఆస్ట్రేలియన్ రూల్స్ ఫాంటసీ ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ల ఎంపిక

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఏఎఫ్‌ఎల్‌లో ఆడే ఆటగాళ్లతో అభిమానులు కూర్చుకునే ఊహాజట్టుకు వెన్నెముక మిడ్‌ఫీల్డర్లే. జీతాల పరిమితి దాటకుండా వారిని ఏరుకోవడం ఈ పోటీలో కీలక ఘట్టం. మొదట్లో పేరుప్రఖ్యాతులే ప్రమాణంగా సాగిన ఈ ఎంపిక, గణాంకాలు పెరిగి నిబంధనలు మారేకొద్దీ మైదానంలో ఎవరికి ఏ పని అప్పగించారో గమనించే విద్యగా ఎదిగింది.

నేపథ్యం

ఆధునిక ఫాంటసీ క్రీడకు 1980లో అమెరికాలో డేనియల్ ఓక్రెంట్ రూపొందించిన బేస్‌బాల్ పోటీ నాంది. ఆస్ట్రేలియాలో దానికి పునాది వేసింది గణాంకాల సేకరణ. 1970 గ్రాండ్ ఫైనల్‌లో కార్ల్‌టన్ తరఫున నాలుగు గోల్స్ కొట్టిన టెడ్ హాప్కిన్స్, 1990లలో ఛాంపియన్ డేటా అనే గణాంకాల సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. 2000ల దశకంలో డ్రీమ్ టీమ్, సూపర్‌కోచ్ పోటీలు జనాదరణ పొందాయి. డ్రీమ్ టీమ్ స్థానంలో తర్వాత ఏఎఫ్‌ఎల్ ఫాంటసీ వచ్చింది.

పాయింట్ల తీరు

ఏఎఫ్‌ఎల్ ఫాంటసీ సంప్రదాయ పద్ధతిలో కిక్‌కు 3, హ్యాండ్‌బాల్‌కు (పిడికిలితో బంతిని పంపడానికి) 2, మార్క్‌కు (తన్నిన బంతిని గాల్లో పట్టుకోవడానికి) 3, ట్యాకిల్‌కు (బంతి ఉన్న ప్రత్యర్థిని పట్టి ఆపడానికి) 4, గోల్‌కు 6 పాయింట్లు. గోల్స్ అరుదు, బంతిని అందుకుని పంపే అవకాశాలు అనేకం. అందుకే ఆట ఆసాంతం బంతి వెంట పరుగెత్తే మిడ్‌ఫీల్డర్‌కే లాభం. 2018 తొలి రౌండ్‌లో కాలింగ్‌వుడ్‌పై హాథోర్న్ ఆటగాడు టామ్ మిచెల్ 54 సార్లు బంతిని పంపి లీగ్ రికార్డు నెలకొల్పాడు. సూపర్‌కోచ్‌లో మాత్రం లెక్కతో పాటు నాణ్యత చూస్తారు. పోటాపోటీలో గెలిచిన బంతికి విలువ ఎక్కువ, వృథా అయిన కిక్‌కు తక్కువ. అందువల్ల ఒకే ఆటగాడు రెండు పోటీల్లో రెండు రకాలుగా తూగుతాడు.

నిబంధనల ప్రభావం

2014లో ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు 120 ఇంటర్‌ఛేంజ్‌ల (ఆటగాళ్ల మార్పిళ్ల) పరిమితి వచ్చింది. 2016లో అది 90కి, 2021లో 75కి తగ్గింది. దాంతో అలసటను తట్టుకునే ఆటగాళ్ల విలువ పెరిగింది. మైదానం మధ్య నుంచి ఆట మొదలయ్యే వేళ అక్కడి చతురస్రంలో జట్టుకు నలుగురికే చోటు. ఎగిరి బంతికి పోటీపడే రక్‌మ్యాన్ పోగా మిగిలేది ముగ్గురే. ఆ ముగ్గురిలో ఎవరు ఎన్నిసార్లు నిలిచారన్న లెక్క ఇప్పుడు ఎంపికకు ప్రధాన ఆధారం. ఫార్వర్డ్‌గా ఆడిన గ్యారీ అబ్లెట్ జూనియర్ 2007లో మధ్యకు వచ్చి లీగ్‌లోనే అగ్రశ్రేణి ఆటగాడయ్యాడు. అడిలైడ్ డిఫెండర్ రోరీ లేర్డ్ కూడా అలా మారాకే భారీ స్కోర్లు చేశాడు. స్థానం మారినా ఫాంటసీ జాబితాలో పాత స్థానపు వర్గంలోనే దొరికే ఆటగాణ్ని ముందుగా పసిగట్టినవారికి పెద్ద లాభం.

ఎంపిక పద్ధతులు

ఆటగాడి ధర ముఖ్యంగా గత సీజన్ సగటును బట్టి నిర్ణయమవుతుంది. ఖరీదైన మేటి ఆటగాళ్లను, అతి చవకైన కొత్తవారిని కలిపి తీసుకోవడం చిరకాల వ్యూహం. కొత్తవారు బాగా ఆడి ధర పెరిగాక వారిని అమ్మి, ఆ సొమ్ముతో మేటి ఆటగాళ్లను కొంటారు. కెప్టెన్ స్కోరు రెట్టింపవుతుంది కనుక నిలకడగా పాయింట్లు తెచ్చే మిడ్‌ఫీల్డర్‌కే సాధారణంగా ఆ బాధ్యత ఇస్తారు.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఫ్రీమాంటిల్‌కు చెందిన రయాన్ క్రౌలీ వంటి ట్యాగర్లు ప్రత్యర్థి మేటి ఆటగాణ్ని నీడలా వెంటాడి అతని స్కోరును అణచేవారు. సీజన్ మధ్యలో వచ్చే బై రౌండ్లలో కొన్ని క్లబ్బులకు విశ్రాంతి. మిడ్‌ఫీల్డర్లందరూ ఒకే వారం ఖాళీగా ఉంటే జట్టు కుదేలవుతుంది. గాయాల సంగతి సరేసరి: 2018లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం గెలిచిన మిచెల్, కాలు విరిగి 2019 సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అందుకే నిరుటి సగటును చూసి ధర కట్టినా, ఈ ఏడాది ఆటగాడి పని, ఆరోగ్యం చూశాకే కొనాలన్నది అనుభవజ్ఞుల సూత్రం.