అడిగిన సీటు, కట్టుకున్న కాలేజీ: బొంబాయి సిద్ధార్థ కాలేజీ చరిత్ర నుంచి

చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడల్లా మనం ముందు ఊరికే పోతాం. వాడ, చెరువు, గుడి, భూమి, కూలి, దాడి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత అలా రాయక తప్పలేదు కూడా. అయితే ఇట్లా రాయడం మనలో చాలామందిమి నేర్చుకున్నది ఊళ్లో కాదు. పట్నంలో, ఏదో ఒక కాలేజీలో. హాస్టల్ గదిలో, లైబ్రరీ మెట్ల మీద, టీకొట్టు దగ్గర. మరి ఆ కాలేజీ ఎవరిది? ఎవరి డబ్బుతో, ఎవరి పేరుతో, ఎవరి వీలుకి తగిన టైములో నడిచింది? ఈ ప్రశ్న మనం అరుదుగా వేసుకుంటాం. సీటొచ్చిందా లేదా అన్న దగ్గరే మన లెక్క ఆగిపోతుంది.

అందుకని ఇక్కడ ఒక కాలేజీ కథ చెప్పదలుచుకున్నాం. సిద్ధార్థ కాలేజీ అనగానే మనవాళ్లకి విజయవాడ గుర్తొస్తుంది. మేం చెప్పేది దాని గురించి కాదు. 1946 జూన్ 20న బొంబాయిలో, మెరైన్ లైన్స్‌లో, మిలిటరీ వాళ్ల బారకుల్లో మొదలైన సిద్ధార్థ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ గురించి. దాన్ని పెట్టింది డాక్టర్ అంబేద్కర్. ఆయన రాజ్యాంగం రాసిన సంగతి మన పిల్లలకి తెలుసు. ఆయన ఒక ప్రైవేటు కాలేజీ యాజమాన్యం నడిపిన సంగతి మాత్రం పెద్దలకే సరిగ్గా గుర్తులేదు.

ఎవరి కాలేజీలు?

అప్పటికి బొంబాయిలో పేరున్న కాలేజీలకి కొదవలేదు. ఎల్ఫిన్‌స్టన్ ప్రభుత్వానిది. విల్సన్ స్కాటిష్ మిషనరీలది. సెయింట్ జేవియర్స్ జెసూట్ పాదిరీలది. ప్రతి కాలేజీకీ ఒక యజమాని ఉన్నాడు. ఆ యజమానికి ఒక మతమో, ఒక రాజ్యమో, ఒక వర్గమో ఉంది. గోదాముల్లో, మిల్లుల్లో, రైల్వేలో, పాకీ పనిలో ఆ నగరాన్ని మోసిన అంటరాని కులాలకి మాత్రం సొంత కాలేజీ లేదు. కామాటిపుర అనే పేటకి ఆ పేరొచ్చింది మన తెలంగాణ నుంచి పోయిన కామాటోళ్ల వల్లే అని మరవొద్దు. నగరం కట్టిన చేతులకి ఆ నగరపు తరగతి గదిలో చోటు లేదు. ఒకరిద్దరికి చోటు దొరికినా అది వేరేవాళ్ల ఇంట్లో దొరికిన చోటు.

ఆ చోటు ఎలాంటిదో అంబేద్కర్ జీవితమే చెబుతుంది. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు, పర్షియన్ చదవాల్సొచ్చింది. 1907లో మెట్రిక్ ప్యాసయ్యారు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకి ఇచ్చిన 25 రూపాయల సాయంతో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివి 1912లో బి.ఏ. పూర్తి చేశారు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరారు. అక్కడ తోటి ప్రొఫెసర్లే, తమ కుండలో నీళ్లు ఈయన తాగకూడదని అభ్యంతరం పెట్టారు. విద్యార్థిగా అవమానం, పంతులుగానూ అవమానం. డిగ్రీలు పెరిగాయి గానీ కుండ మారలేదు.

దీన్నిబట్టి మనకి తెలిసేదేమంటే, చదువు వేరు, చదువు చెప్పే ఇల్లు వేరు. చదువు మనిషిని మార్చొచ్చు. ఆ ఇంటి కట్టుబాట్లు మాత్రం ఇంటి యజమాని ఒప్పుకుంటేనే మారతాయి.

చర్నీ రోడ్ తోట

అంబేద్కర్ కుటుంబం పరేల్ చాల్‌లో ఒక్క గదిలో ఉండేది. వంట అక్కడే, పడక అక్కడే, చదువూ అక్కడే. కొడుకు పుస్తకాల కోసం తండ్రి రాంజీ, పెళ్లయి వెళ్లిపోయిన కూతుళ్ల నగలు కూడా అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు. ఆ ఆడవాళ్ల నగల సాయం మన చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంగా మిగిలిపోయింది, ఎవరన్నా దాన్ని విప్పి రాయాలి. గదిలో చోటు చాలక ఆ పిల్లవాడు చర్నీ రోడ్ తోటలో కూచుని చదివేవాడు. అక్కడే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే పంతులు గారికి కనబడ్డాడు. మెట్రిక్ ప్యాసయినప్పుడు జరిగిన సభలో ఆయన, తాను మరాఠీలో రాసిన బుద్ధుడి చరిత్రను ఆ కుర్రాడి చేతిలో పెట్టారు.

చర్నీ రోడ్‌కి పక్క స్టేషనే మెరైన్ లైన్స్. తోటలో కూచుని చదివిన పిల్లవాడు 39 ఏళ్ల తర్వాత అక్కడికి కూతవేటు దూరంలో కాలేజీ పెట్టి దానికి బుద్ధుడి పేరే పెట్టాడు. అప్పటికి ఆయన ఇంకా బౌద్ధం తీసుకోలేదు. అది 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో. అంటే దీక్షకి పదేళ్ల ముందే కాలేజీకి బుద్ధుడి పేరొచ్చింది.

అడగడం నుంచి కట్టడానికి

అంబేద్కర్ ఉద్యమంలో మనకి బాగా తెలిసిన ఘట్టాలు అడిగిన ఘట్టాలే. 1927లో మహాడ్ చెరువు నీళ్లు అడిగారు. 1930లో నాసిక్ కాలారాం గుడి తలుపు తియ్యమన్నారు. ఏళ్ల తరబడి సత్యాగ్రహం చేసినా ఆ తలుపు తెరుచుకోలేదు. 1935లో యేవలాలో, హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. అడగడం తప్పని మేం అనడంలేదు. అడిగితేనే ఎదుటివాడి నిజరూపం బయటపడింది. కానీ ఆ పోరాటాల పక్కనే, చప్పుడు లేకుండా, కట్టే పని కూడా సాగింది. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. 1928లో డిప్రెస్డ్ క్లాసెస్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి మరికొన్ని హాస్టళ్లు నడిపారు. ముందు తిండి, పడక, తర్వాత పుస్తకం. వాడ నుంచి వచ్చిన పిల్లవాడికి అద్దెకి గది ఎవరూ ఇవ్వరని ఆయనకి వేరే చెప్పాలా?

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న కాలంలో ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. 1942 అక్టోబర్‌లో షెడ్యూల్డ్ కులాల బాధల మీద ప్రభుత్వానికి ఒక మహజరు ఇచ్చారు. అందులో పై చదువుల సంగతి ముఖ్యమైంది. బెనారస్ హిందూ యూనివర్సిటీకి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి ఖజానా డబ్బు పోతున్నప్పుడు మావాళ్లకి ఎందుకు పోదన్నదే ఆయన వాదం. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి మూలం ఇక్కడుంది. ఇవాళ ఏ ఎస్సీ విద్యార్థి అయినా స్కాలర్‌షిప్ ఆలస్యమైందని సంతకాలు సేకరిస్తున్నాడంటే, ఆ కాగితం వెనక ఈ చరిత్ర ఉంది.

స్కాలర్‌షిప్ పిల్లవాడిని కాలేజీ గేటు దాకా తీసుకుపోతుంది. గేటు లోపల ఎవరున్నారన్నది తర్వాతి ప్రశ్న. 1945 జూలై 8న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి ఆ ప్రశ్నకి జవాబు వెతికారు. మరుసటి ఏడాది సిద్ధార్థ కాలేజీ తెరుచుకుంది.

బారకుల్లో మూడు నిర్ణయాలు

యుద్ధం అయిపోయి ఖాళీ అయిన బారకుల్లో ఆ కాలేజీ మొదలైంది. హంగులేం లేవు. తర్వాత ఫోర్ట్ ప్రాంతంలో, దేశపు బ్యాంకులూ కంపెనీలూ ఉన్న చోట, ఆనంద్ భవన్, బుద్ధ భవన్‌లకి మారింది. ఈ చిన్న కాలేజీ పెట్టేటప్పుడు తీసుకున్న మూడు నిర్ణయాలు మనం గమనించాలి.

మొదటిది, ఏం చదువు అన్నది. దళితులకి చేతి పని నేర్పితే చాలు, కుట్టు మిషనో వడ్రంగమో చాలు అనే దయగల పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అంబేద్కర్ పెట్టింది ఆర్ట్స్, సైన్స్ కాలేజీ. చరిత్ర, తత్వం, అర్థశాస్త్రం, భాషలు, సైన్సు చదివే చోటు. తర్వాత 1953లో కామర్స్ కాలేజీ, 1956లో లా కాలేజీ వచ్చాయి. వేల ఏళ్లుగా చేతి పని చేస్తున్నవాడికి మళ్లీ చేతి పనే నేర్పడం సంస్కరణ కాదు. ఆలోచించే పని మీద ఉన్న గుత్తాధిపత్యం పోవాలి.

రెండోది, ఎప్పుడు చదువు అన్నది. సిద్ధార్థలో పొద్దున్నే క్లాసులు జరిగేవి. గుమాస్తా ఉద్యోగాలు, చిల్లర ఉద్యోగాలు చేసుకునేవాళ్లు చదువుకుని పనికి పోవచ్చు. మామూలు కాలేజీల టైం టేబుల్ ఎవరి కోసం తయారైంది? పగలంతా కొడుకుని పోషించగలిగిన ఇళ్ల కోసం. పూట కూలి పోతే పూట తిండి పోయే ఇంటికి అది తలుపు మూసినట్టే. బోర్డు మీద 'అంటరానివారికి ప్రవేశం లేదు' అని రాయనక్కర్లేదు, టైం టేబుల్ చాలు. ఈ మాట అర్థం చేసుకుని గంట కొట్టే సమయాన్నే మార్చారు.

మూడోది, ఎవరితో చదువు అన్నది. సిద్ధార్థ దళితుల యాజమాన్యంలో ఉన్న కాలేజీయే గానీ దళితులకే పరిమితమైన కాలేజీ కాదు. అన్ని కులాల విద్యార్థులూ చేరారు. ఎల్ఫిన్‌స్టన్‌లో సంస్కృతం చెప్పిన అశ్వత్థామ బాలాచార్య గజేంద్రగడ్కర్ మొదటి ప్రిన్సిపాల్. చిన్నప్పుడు సంస్కృతం క్లాసులోకి రానివ్వని మనిషి, తాను కట్టిన కాలేజీకి సంస్కృత పండితుణ్ణి తెచ్చి కుర్చీ వేశారు. కొందరు దీన్ని ఔదార్యం అంటారు. మేం అలా అనుకోవడంలేదు. ఇక్కడ కుండ యజమాని మారాడు. అగ్రకులం పిల్లవాడు వచ్చి అంబేద్కర్ కాలేజీలో ఫీజు కట్టి, అంబేద్కర్ కుండలో నీళ్లు తాగాడు. మహాడ్‌లో జరగాల్సిన మార్పు ఇక్కడ గొడవ లేకుండా, రోజూ జరిగింది.

కాలేజీలో విద్యార్థుల పార్లమెంటు ఉండేది. 1950లో అంబేద్కర్ అక్కడికొచ్చి హిందూ కోడ్ బిల్లు గురించి మాట్లాడారు. అసలు పార్లమెంటులో ఆ బిల్లు నలుగుతున్న రోజులవి. ఆడవాళ్ల ఆస్తి, విడాకుల సంగతి ఉద్యోగాలు చేసుకుంటూ చదువుకునే కుర్రాళ్ల ముందు పెట్టారు. తన పుస్తకాల్లో చాలావాటిని కూడా ఈ కాలేజీకే ఇచ్చారు.

ఔరంగాబాద్ దాకా, పాంథర్ల దాకా

1950లో ఇదే సొసైటీ ఔరంగాబాద్‌లో కాలేజీ తెరిచింది. 1951 సెప్టెంబర్ 1న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఆ ఊరు 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. నిజాం ఏలుబడిలో పై చదువు దాదాపుగా చూడని మరాఠ్వాడా దళితులకి అది మొదటి పెద్ద తలుపు. కాలేజీకి మిలింద అని, ఆవరణకి నాగసేనవనం అని పేరు. మిలిందుడు ప్రశ్నలడిగిన రాజు, నాగసేనుడు జవాబు చెప్పిన భిక్షువు. కాలేజీకి గురువు పేరు పెట్టడం మన ఆనవాయితీ. ఇక్కడ ప్రశ్నించినవాడి పేరు పెట్టారు.

ఆ ప్రశ్నలు గోడల లోపల ఆగలేదు. 1972లో దళిత్ పాంథర్స్ పుట్టిన రోజుల్లో బొంబాయి వడాలాలోని సిద్ధార్థ విహార్ హాస్టల్ వాళ్ల అడ్డా. 1978లో మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టాలని శాసనసభ తీర్మానిస్తే దళితుల ఇళ్లు తగలబెట్టారు. పదహారేళ్ల పోరు తర్వాత, 1994 జనవరి 14న, పేరు మారింది. ఒక యూనివర్సిటీ బోర్డు మీద ఒక పేరు రాయడానికి అంత నెత్తురు ఎందుకు కారింది? పేరు అంటే యాజమాన్యం. ఊళ్లో పెత్తందార్లకి అది మనకంటే ముందే అర్థమైంది.

మన లోపాలు కూడా

ఈ చరిత్రని భజనగా రాస్తే అంబేద్కర్‌కే అన్యాయం. 1956 డిసెంబర్ 6 తర్వాత ఆయన లేరు. ఉద్యమం చీలికలైంది. సొసైటీ మీద పెత్తనం కోసం అంబేద్కర్ పేరు చెప్పుకునే నాయకుల మధ్యే తగాదాలు కోర్టుల దాకా పోయాయి. కట్టడం ఒక మనిషి చేయగలడు, నిలబెట్టడం సమాజం చేయాలి. ఆ పనిలో మనం వెనకబడ్డాం, ఒప్పుకోవాలి. ఇక ఆ తరగతుల్లో కూచున్న దళిత ఆడపిల్లల మాటేంటి? అంబేద్కర్ ఉద్యమంలో పాల్గొన్న స్త్రీల మాటలు సేకరించి ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్ 1989లో మరాఠీలో పుస్తకం తెచ్చేదాకా ఆ వైపు చూసినవాళ్లే తక్కువ. పొద్దున ఏడింటికి క్లాసంటే మగవాడికి వీలు. ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన ఆడమనిషికి వీలా? ఈ ప్రశ్న సిద్ధార్థని కూడా అడగాలి.

ఇవాళ

ఇవాళ పెద్ద నగరాల చుట్టూ ప్రైవేటు యూనివర్సిటీలు లేచాయి. చరిత్ర, తత్వం, సాహిత్యం, సైన్సు కలిపి చెప్పే చదువుకి 'లిబరల్ ఆర్ట్స్' అని పేరు పెట్టి ఏడాదికి లక్షల్లో ఫీజు తీసుకుంటున్నారు. 2005లో 93వ సవరణ ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషన్లకి వీలు కల్పించింది. 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. కానీ 2006లో పార్లమెంటు చేసిన రిజర్వేషన్ చట్టం కేంద్ర విద్యాసంస్థల దగ్గరే ఆగింది. ఇంకోవైపు మన పిల్లలకి, ఆర్ట్స్ చదివితే అన్నం దొరకదు, ఇంజనీరింగో పాలిటెక్నికో చూసుకో అని చెప్తున్నాం. చెప్పేది మనమే. ఆకలి తెలిసి చెప్తున్నాం కాబట్టి తప్పనలేం. అయితే ఫలితం ఒకటే. 1946లో బారకుల్లో కూలివాళ్ల పిల్లలకి అందిన చదువు మళ్లీ కలిగినవాళ్ల ఇళ్లకి చేరుతోంది.

కాబట్టి రెండు పనులు ఒక్కసారే చెయ్యాలి. ప్రైవేటు కాలేజీల్లో మన వాటా అడగాలి, చట్టం చెయ్యమని అడగాలి. దాంతోపాటు కట్టాలి కూడా. పెద్ద భవనం కాకపోవచ్చు. వాడలో పొద్దున్నే తెరిచే ఒక చదువు గది, హాస్టల్లో ఒక పుస్తకాల బీరువా, ఆదివారం ఒక చర్చ. సిద్ధార్థ కూడా ఖాళీ బారకుల్లోనే మొదలైంది. ఎవరి వీలుకి గంట కొట్టాలో ముందు తేల్చుకుంటే, గోడల సంగతి తర్వాత చూసుకోవచ్చు.