పగుళ్లు పట్టే యంత్రానికి పాపాయి కనిపించింది

“నీళ్లు బాగా తాగండమ్మా, స్కానింగ్ అయ్యేదాకా బాత్‌రూమ్‌కి వెళ్లొద్దు.” మూడో నెలలోపు పరీక్షకు వెళ్లిన తల్లులకు ఈ మాట బాగా గుర్తుంటుంది. సీసాడు నీళ్లు తాగి, పొత్తికడుపు బిగబట్టుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని వరండాలో కూర్చుంటారు. ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1963 నాటి గ్లాస్గో నగరానికి వెళ్లాలి. స్కాట్లండ్‌లోని ఆ ఊళ్లో ఇయాన్ డోనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు ఒక సంగతి గమనించాడు. మూత్రాశయం నిండితే గాలి ఉన్న పేగులు పక్కకు జరుగుతాయి, ధ్వని తరంగాలకు దారి దొరుకుతుంది. తొలి వారాల గర్భం తెర మీద తేటగా కనిపించసాగింది అప్పటినుంచే.

అంతకుముందు బిడ్డ క్షేమం తెలియడానికి చెవే ఆధారం. 1821లో ఫ్రాన్సులో కెర్‌గరాడెక్ అనే వైద్యుడు, ఉమ్మనీటి అలికిడి వినిపిస్తుందేమోనని నిండు గర్భిణి పొట్ట మీద స్టెతస్కోపు ఆన్చాడు. వినిపించింది గడియారం కొట్టుకున్నట్టు వడివడిగా సాగే చప్పుడు. తల్లి నాడి పట్టుకుని చూశాడు. రెండూ కలవలేదు. అది బిడ్డ గుండె! ఆ చప్పుడులో తేడాలను బట్టి లోపలి బిడ్డ ఆరోగ్యం అంచనా వేయొచ్చని ఆయన అప్పుడే రాశాడు. గర్భస్థ శిశువు పరీక్షకు పునాది ఆ ఆలోచనే అని నా నమ్మకం.

1895లో పినార్డ్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు గరాటాలాంటి గొట్టం తయారు చేశాడు. మన ఏఎన్ఎం అక్కలు, కాన్పుల గదిలో నర్సులు వాడుతూ వచ్చింది దీన్నే. వెడల్పు వైపు పొట్ట మీద, సన్నని వైపు చెవికి. చేతులు వదిలేసి, కళ్లు వాచీ ముల్లు మీద పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది అక్క. అంతసేపూ పక్కనున్న అత్తగారు కూడా మాట్లాడేది కాదు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య వస్తే అక్క తల ఎత్తి నవ్వేది.

వినడంతో ఆగక, లోపలి బిడ్డను చూడాలన్న ఆశతో వైద్యులు ఎక్స్‌రేలు తీశారు. గర్భిణిగా ఉన్నప్పుడు ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లలకు క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపని 1956లో, మళ్లీ 1958లో ఆలిస్ స్టీవర్ట్ అనే బ్రిటిష్ వైద్యురాలు బయటపెట్టింది. ఆమె మాటను వైద్యలోకం చాలా ఏళ్లు చెవిన పెట్టలేదు. అది క్షమించరాని ఆలస్యం.

సరిగ్గా ఆ రోజుల్లోనే డోనాల్డ్ వేరే దారి వెతుకుతున్నాడు. 1955 జులై 21న ఆయన ఆపరేషన్లలో తీసిన గర్భాశయపు గడ్డలను, అండాశయపు నీటి తిత్తులను కార్ల డిక్కీల్లో వేసుకుని గ్లాస్గో పక్కనున్న రెన్‌ఫ్రూకు వెళ్లాడు. అక్కడ బాయిలర్లు తయారు చేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కర్మాగారం ఉంది. ఉక్కులో కంటికి కనపడని పగుళ్లను ధ్వని తరంగాలతో పట్టే యంత్రం వాళ్ల దగ్గర ఉంది. గడ్డ ఒక రకంగా, తిత్తి మరో రకంగా ప్రతిధ్వని ఇచ్చాయి. పోల్చుకోవడానికి మాంసం ముక్కను కూడా పరీక్షించారు.

ఒక ప్రొఫెసర్ ఉక్కు పరీక్షించే యంత్రాన్ని మనుషుల మీద వాడుతున్నాడని విని, టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు తానే డోనాల్డ్‌కు ఫోన్ చేశాడు. జాన్ మెక్‌వికార్ అనే డాక్టరూ తోడయ్యాడు. పొట్ట మీద ఆలివ్ నూనె రాసి పరీక్షించేవారు. ఇవాళ చల్లగా తగిలే జెల్ చేసే పని అప్పుడు ఆ నూనె చేసింది. కడుపులో క్యాన్సర్ అని, ఆపరేషన్‌కు కూడా లొంగదని తేల్చేసిన ఒకామెను చూస్తే, అది పెద్ద నీటి తిత్తి! తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్ 7న ‘లాన్సెట్’ పత్రికలో ముగ్గురి పేర్లతో వ్యాసం వచ్చింది. గర్భంలోని శిశువు బొమ్మ కూడా అందులో ఉంది.

ఆ యంత్రం మన దేశానికి వచ్చాక ఏమైందో తలచుకుంటే మనసు మండుతుంది. గర్భస్రావాలను గట్టిగా వ్యతిరేకించిన డోనాల్డ్ తెచ్చిన పరికరంతో ఇక్కడ ఆడపిల్లలను వెతికి చంపారు. అందుకే 1994లో చట్టం చేయాల్సి వచ్చింది. లింగ నిర్ధారణ చేయబడదని స్కానింగ్ సెంటర్ గోడ మీద ఉండే బోర్డు ఆ చట్టం పెట్టించిందే.

బిడ్డ బొమ్మ తెర మీదికి వచ్చాక కూడా, 1970లలో వచ్చిన ఎన్ఎస్‌టీ (నాన్ స్ట్రెస్ టెస్ట్) పరీక్ష వైద్యులను మళ్లీ గుండె చప్పుడు దగ్గరికే తెచ్చింది. పొట్టకు బెల్టులు కట్టి, బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతోందా లేదా చూస్తారు. పెరిగితే మాయ నుంచి ప్రాణవాయువు సరిగ్గా అందుతోందని ధైర్యం. 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు ఆ కదలికల లెక్కను తల్లి చేతికే ఇచ్చారు. 12 గంటల్లో 10 కదలికలు రాకపోతే బిడ్డ సంగతి చూడాలన్నారు.

అమ్మా, ఏడో నెల దాటాక మీ బిడ్డ ఏ వేళ ఎలా కదులుతుందో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ కదలిక తగ్గిందనిపిస్తే పొద్దుటిదాకా ఆగకండి, పోయిన వారం స్కానింగ్ బాగానే ఉంది కదా అని సరిపెట్టుకోకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.