బిళ్ల లేని బండి

చాలా రోజులైంది పోస్టు పెట్టక. సైట్‌లో స్లాబ్ పని నడుస్తుంది, తీరిక లేదు. ఇయ్యాల ఆదివారం, పొద్దటి నుంచి వాన. కొంచెం పొడుగు పోస్టు, చాయ్ పెట్టుకొని చదవండి.

మొన్న రాత్రి మన షట్టరింగ్ పని చేసే తమ్ముడొకడు రూముకు వచ్చిండు. పేరు చెప్పను. "అన్నా, ఒకాయన తన టాక్సీ యాప్ అకౌంట్ నాకిస్త అంటున్నడు. కారు కూడ ఆయనదే. రాత్రి పూట నేను తోలాలె, వారానికింత అని ఆయనకు కట్టాలె, మిగిలింది నాది. ఊర్ల అప్పు తొందరగ తీరిపోతది" అన్నడు. వద్దురా అన్న. "ఎందుకొద్దు? నాకు డ్రైవింగ్ రాదా? దుబాయ్‌ల ఆరేండ్లు ట్రక్కు తోలిన" అని కోపానికొచ్చిండు. వాడు చెప్పింది అబద్ధం కాదు, మంచి డ్రైవరే. అందుకే ఊరికే వద్దంటే సరిపోదనిపించింది. లండన్ వచ్చినప్పటి నుంచి నాకు ఈ నల్ల టాక్సీల చరిత్ర మీద కొంచెం పిచ్చి. వాడికి ఆ రాత్రి చెప్పిందే మీకూ రాస్తున్నా.

కిరాయి బండికి లైసెన్స్ అనేది యాపులు వచ్చాక పుట్టింది కాదు. 1654లో, క్రామ్‌వెల్ ఏలుతున్నప్పుడు, లండన్‌లో కిరాయి గుర్రపు బండ్లు పెట్టుకునేవాళ్లు 200 మందికి మించొద్దని ఆర్డరు వేశారు. అప్పటికి మన గోల్కొండలో కుతుబ్ షాహీలు ఉన్నారు. అంత పాత ముచ్చట. అయితే అప్పటి బాధ ప్రయాణికుడి ప్రాణం గురించి కాదు, ఇరుకు సందుల్లో బండ్లు ఎక్కువైపోయాయని. ప్రాణం సంగతి మెల్లగా వచ్చింది. 1830లు, 40లలో వచ్చిన చట్టాలతో బండి నడిపేవాడికి కూడా లైసెన్స్, నంబరున్న బిళ్ల వచ్చాయి. 1847 చట్టం లండన్ బయటి పట్టణాలకు ఆ అధికారం ఇచ్చింది. ఆ చట్టం ముక్కలు ఇప్పటికీ నడుస్తున్నాయి, నమ్మండి. లండన్‌లో 1850 నుంచి ఈ పని పోలీసుల చేతికి పోయింది.

1897లో లండన్‌లో కరెంటు టాక్సీలు తిరిగాయి. అవును, బ్యాటరీ బండ్లే, ఇప్పుడు కొత్తగా వచ్చాయని మనం అనుకుంటున్నాం. ఆ సెప్టెంబర్‌లో జార్జ్ స్మిత్ అనే పాతికేళ్ల టాక్సీ డ్రైవర్ తాగి, బండిని న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఒక బిల్డింగుకు గుద్దాడు. తాగి మోటారు బండి నడిపినందుకు శిక్షపడ్డ మొదటి మనిషి అతనే అంటారు. జరిమానా 25 షిల్లింగులు.

1906లో పోలీసుల టాక్సీ ఆఫీసు బండి ఎట్లుండాలో రాసిపెట్టింది. అందులో నాకు నచ్చింది ఒకటుంది: టాక్సీ 25 అడుగుల్లో గుండ్రంగా తిరగగలగాలి. లండన్ సందులు మీరు చూశారు కదా. నల్ల టాక్సీ ఒక్క తిప్పులో వెనక్కి మళ్లుతుంటే ఇప్పటికీ నిలబడి చూస్తా. మన సైట్ గేటు దగ్గర కాంక్రీటు లారీ తిప్పడానికి ఎన్నిసార్లు ముందుకు వెనక్కి పోవాలో నాకు తెలుసు కాబట్టి. ఇగ డ్రైవర్‌కు పరీక్ష. చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో ఉన్న వేల వీధులు మనసులో ఉండాలి. చదవడానికి ఏండ్లు పడుతుంది.

ఇంత గట్టిగా కట్టిన గోడకు పెద్ద కంత ఎక్కడ పడిందో చూడండి. చట్టం చెప్పేది రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగే బండి గురించి. ఫోన్ చేసి పిలిపించుకునే బండి గురించి అందులో ఏమీ లేదు. 1961లో ఒక కంపెనీ ఎర్రటి చిన్న రెనో కార్లు కొని, ఫోన్ చేస్తే ఇంటికే వస్తాం అని తక్కువ రేటుకు దింపింది. వాటికి మినీక్యాబ్ అని పేరు. నల్ల టాక్సీ వాళ్లు కొట్లాడారు, కోర్టులకు పోయారు. కానీ మినీక్యాబులు ఆగలేదు. పేదోళ్లకు, ఊరి బయట ఉండేవాళ్లకు అవే దిక్కు, నల్ల టాక్సీ అక్కడికి ఎందుకొస్తది?

1976లో వేరే ఊళ్ల కౌన్సిళ్లకు ఇట్లాంటి బండ్ల మీద అధికారం ఇచ్చారు. బండికి ఒక లైసెన్స్, డ్రైవర్‌కు ఒకటి, బుకింగ్ తీసుకునే ఆఫీసుకు ఒకటి, మొత్తం మూడు. లండన్‌ను మాత్రం వదిలేశారు. అంటే దేశ రాజధానిలో ఎవడైనా, జైలు నుంచి నిన్న బయటకొచ్చినవాడైనా, ఒక కారు పెట్టి అర్ధరాత్రి ఆడపిల్లను ఇంటికి దింపొచ్చు. ఎవరూ అడగరు. 1986లో కూతురు సూజీ కనపడకుండా పోయాక డయానా లాంప్లూ అనే తల్లి ఆ పిల్ల పేరు మీద ట్రస్టు పెట్టింది. ఆ పిల్ల కేసుకు టాక్సీతో సంబంధం లేదు. అయినా ఇంకొకరి పిల్లకు అట్లా కాకూడదని మినీక్యాబులకు లైసెన్స్ కావాలని పోరాడింది. చట్టం 1998లో వచ్చింది. లైసెన్సులు ఇవ్వడం 2001లో మొదలైంది. 1961 నుంచి లెక్క పెట్టుకోండి, నలభై ఏండ్లు.

ఇక్కడ తమ్ముడు నన్ను పట్టుకున్నడు. "లైసెన్స్ ఉన్నోడు తప్పు చెయ్యడా అన్నా?" చేస్తాడు. జాన్ వార్‌బాయ్స్ అనేవాడు లైసెన్స్ ఉన్న నల్ల టాక్సీ డ్రైవరే. ఆడవాళ్లకు మందు కలిపిన డ్రింకు ఇచ్చి ఘోరాలు చేసి 2009లో శిక్షపడి జైలుకు పోయాడు. ముందే ఫిర్యాదులు వచ్చినా పోలీసులు సరిగ్గా పట్టించుకోలేదని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. రోథరమ్ ఊరి సంగతి ఇంకా ఘోరం. 1997 నుంచి 2013 దాకా అక్కడ సుమారు 1,400 మంది పిల్లలు పాడుచేయబడ్డారని 2014 రిపోర్టు అంచనా. అందులో టాక్సీలు, కొందరు డ్రైవర్ల పాత్ర ఉంది. లైసెన్స్ ఇచ్చే కౌన్సిల్ తన పని చెయ్యలేదని తర్వాతి ఏడాది ఇంకో విచారణలో తేలింది. అప్పుడు ప్రభుత్వం కమిషనర్లను పంపి అధికారం తీసేసుకుంది. టాక్సీల్లో కెమెరాలు తప్పనిసరి చేశారు. దాని తర్వాత ఏ పాపం తెలియని డ్రైవర్లు కూడా మాటలు పడ్డారు.

మన స్కాఫోల్డింగ్ ట్యాగ్ లాంటిదే ఇది. ఏడు రోజులకోసారి ఎక్కి చూసి సంతకం పెట్టాలి. చూడకుండా పెట్టిన సంతకంతో పైపు ఆగదు. అట్లని ట్యాగే వద్దంటామా?

ఇప్పుడు మావాడి సంగతికి వస్తా. 2019 నవంబర్‌లో లండన్ రవాణా సంస్థ ఊబర్‌కు లైసెన్స్ కొత్తగా ఇవ్వనంది. కారణం ఏందో తెలుసా? వేరేవాళ్లు డ్రైవర్ల అకౌంట్లలో తమ ఫొటోలు పెట్టుకొని బండి నడిపారు. అట్లాంటి ట్రిప్పులు కనీసం 14,000. ఆ ప్రయాణాలకు ఇన్సూరెన్స్ లేదు. నడిపినవాళ్లలో లైసెన్స్ పోయినవాళ్లు కూడా ఉన్నారు. కంపెనీ ఆ కంతను పూడ్చుకున్నాకే 2020లో కోర్టు మళ్లీ లైసెన్స్ ఇచ్చింది.

"నీకు డ్రైవింగ్ వచ్చు. కానీ వెనక సీట్లో కూర్చున్న పిల్ల ఫోన్‌లో వేరేవాడి పేరు చూసి ఎక్కింది. రేపు ఏమన్నా అయితే ఆ బండిలో నువ్వు లేవు, ఆ పేరుగలోడున్నడు. నీకు ఇన్సూరెన్స్ లేదు, మన వీసా మీద ఆ పని చెయ్యనే రాదు" అన్న. వాడు ఏం మాట్లాడలే. చాలా సేపటికి, "ఆ పేరుగలోడు ఎందుకు తోలుత లేడో నేను అడగలే అన్నా" అన్నడు.

నాకు ఆ మాట గట్టిగా తగిలింది. ఒక ఊర్లో లైసెన్స్ రద్దయినవాడు పక్క ఊరికి పోయి కొత్తది తెచ్చుకునేవాడు ఇంతకు ముందు. ఇట్లాంటి రద్దులు, తిరస్కరణలు ఒక్క జాబితాలో ఎక్కించాలని 2022లో చట్టం చేశారు. అయినా ఒక కౌన్సిల్ లైసెన్స్‌తో వంద మైళ్ల అవతల తిరిగే పద్ధతి ఉంది. దాన్ని ఆపాలని 2025 జూన్‌లో కేసీ గారు ఇచ్చిన రిపోర్టు ప్రభుత్వానికి చెప్పింది.

నైట్ షిఫ్టు దిగి వచ్చే మన ఆడవాళ్లు, హాస్పిటల్లో పనిచేసే అక్కచెల్లెళ్లు ఈ పోస్టు చదివితే, లండన్‌లో మినీక్యాబ్ ముందు అద్దానికి, వెనక అద్దానికి లైసెన్స్ స్టిక్కర్ ఉంటుంది, చూసుకోండి. రోడ్డు మీద నిలబడి "టాక్సీ, టాక్సీ" అని పిలిచే కారు ఎక్కకండి, బుకింగ్ లేకుండా వాడు ఎక్కించుకోకూడదు.

తమ్ముడు ఆ ఒకాయనకు ఫోన్ చేసి అడిగిండట, నువ్వెందుకు తోలుత లేవు అని. ఆయన ఫోన్ పెట్టేసిండట. సోమవారం పొద్దున ఏడింటికి మావాడు హెల్మెట్ పెట్టుకొని గేటు దగ్గర ఉన్నడు. అప్పు సంగతి ఇద్దరం కూర్చొని లెక్క వేస్తున్నం.