భుజం నొప్పికి సూదిమందు – పుట్టుపూర్వోత్తరాలు

రెండేళ్ల క్రితం ఒక ఉదయం చొక్కా తొడుక్కోబోతే నా కుడిచెయ్యి పైకి లేవలేదు. ముప్పై నాలుగేళ్లు బీరువాల పైఅరల నుంచి ఫైళ్లు దింపిన చెయ్యి అది. కండువా సర్దుకోవడానికి కూడా మా ఆవిడ సాయం కావలసి వచ్చింది. డాక్టరుగారు ఒక ఇంజక్షన్ చేశారు. పది రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్లు పోయింది. నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. రెండోది చేయించుకున్న వారంలో షుగరు మూడువందలు దాటింది. అలా అవుతుందని ముందుగా నాకెవరూ చెప్పలేదు. మూడోదానికి వెళ్లేముందు ఈ మందు సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. ఈ బాధ పడుతున్న సభ్యులు మనలో చాలామంది ఉన్నారు కనుక తెలిసినంతవరకు రాస్తున్నాను.

పూర్వం భుజం నొప్పి అంటే కీలువాతమే అనుకునేవారు. బాధ కీలులో కాదు, దాని చుట్టుపక్కల అని 1872లో పారిస్ సర్జన్ డుప్లే చెప్పాడు. 1934లో బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ భుజం మీదనే ఒక పెద్ద గ్రంథం వేశాడు. చెయ్యి ఎత్తే కండరాన్ని ఎముకకు కట్టివుంచే తాడు వంటిది ఒకటి ఉంటుంది. డాక్టర్లు టెండన్ అంటారు. అది భుజం పైఎముక కింద ఇరుకు సందులోంచి వెళ్తుంది. ఒరుసుకోకుండా మధ్యలో ఒక పల్చని సంచి ఉంటుంది. చాలామంది బాధకు మూలం ఈ తాడేనని ఆయన చూపాడు. ఆ రోజుల్లో సూదితో చేయగలిగింది తక్కువే. తిమ్మిరి మందు ఎక్కించడం, లోపల సున్నంలా గట్టిపడినదాన్ని ఉప్పునీటితో కడగడం, అంతే.

అసలు మలుపు 1948 సెప్టెంబరులో. అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి హెంచ్, కెండాల్ కార్టిజోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి బజారుకు వెళ్లి వచ్చింది! 1950లో వారిద్దరికీ, రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఆ మందు ఒళ్లంతా పాకితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం మొదలయ్యాయి. అయితే నొప్పి ఉన్నచోటనే వేస్తే పోలేదా? 1951లో ఫిలడెల్ఫియాలో హాలండర్ హైడ్రోకార్టిజోన్‌ను నేరుగా కీలులోకి ఎక్కించిన ఫలితాలు ప్రకటించాడు. కొద్దికాలంలోనే భుజానికీ అదే పద్ధతి వచ్చింది. మరిన్నాళ్లు పనిచేసే ట్రయామ్సినలోన్‌ను 1950ల్లో లెడర్లీ సంస్థలో తయారుచేశారు. మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు సారథ్యం వహించిన సంస్థ అదే. ఆయన మాత్రం 1948 ఆగస్టులోనే, మేయో క్లినిక్ ముచ్చటకు నెలన్నర ముందు, కన్నుమూశారు.

ఈ మందు వాపును అణచుతుంది, అరిగిన తాడును అతకదు. పైగా మన వయసులో ఆ తాడులో వాపు కంటే అరుగుదలే ఎక్కువని తరువాతి పరిశోధనల్లో తేలింది. తాడులోకే సూది దిగితే అది బలహీనపడి తెగే ప్రమాదం ఉంది. అందుకే చుట్టూ ఉన్న సంచిలోకి వేస్తారు. మన రక్తాన్నే తీసి, తిప్పి, అందులోని ప్లేట్‌లెట్లను ఎక్కించే పీఆర్‌పీ ఈమధ్య వచ్చింది. ఖర్చు ఎక్కువ, ఫలితాలు ఒక్కచోట ఒక్కలాగా ఉన్నాయి.

2021లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన నన్ను ఆలోచింపజేసింది. భుజం నొప్పి ఉన్న 708 మందిని ఏడాదిపాటు గమనించారు. ఇంజక్షన్ చేయించుకున్నవారికి ఎనిమిది వారాలకు కొంచెం మేలు కనిపించింది. ఏడాది తిరిగేసరికి చేయించుకోనివారితో సమానమే. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి కూర్చోబెట్టి నేర్పితే ఇంట్లో వ్యాయామం చేసుకున్నవారు, పలుమార్లు వెళ్లివచ్చినవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు.

అలాగని ఇంజక్షన్‌ను తీసిపారేయలేను. నాకు ఆ నాలుగు నెలలూ నిద్ర పట్టిందంటే దాని చలవే. నొప్పి తగ్గిన ఆ వ్యవధిలో వ్యాయామం చేసి ఉండవలసింది, నేను చేయలేదు. షుగరు ఉన్నవారు మాత్రం సూది వేసేముందే డాక్టరుగారికి ఆ మాట చెప్పి, తరువాత వారం పది రోజులు పరీక్ష చేయించుకుంటూ ఉండండి.

మూడోది నేను చేయించుకోలేదు. వరండా దూలానికి కప్పీ బిగించి, రోజుకు రెండుపూటలా తాడు లాగుతున్నాను. ఏడు నెలలైంది. తల దువ్వుకోగలుగుతున్నాను. బీరువా పైఅర ఇంకా అందడం లేదు.